గోడలు కూడా అమానతే

గత నెల ఒక జుమా నమాజు ముగిసిన తరువాత, మక్తల్‌లోని మా మొహల్లా మస్జిద్ ఆవరణలో ఒక చర్చ జరిగింది. పాత మస్జిద్‌ను పూర్తిగా పడగొట్టి, ఆ స్థలంలో రెండంతస్తుల స్లాబు భవనం కట్టాలని మన యువకులు కొందరు ప్రతిపాదించారు. గల్ఫ్‌లోనూ, పుణేలోనూ, ముంబయిలోనూ పనిచేస్తున్న మన పిల్లలు చందాలు పంపడానికి సిద్ధంగా ఉన్నారని చెప్పారు. వాళ్ల ఉద్దేశాన్ని నేను శంకించడం లేదు. జుమా నాడు సగం మంది ఎండలో చాపలు పరుచుకొని నమాజు చేయవలసి వస్తున్నది. వుజూ చేసుకునే చోటు ఇరుకు. స్త్రీలకు స్థలమే లేదు. ఇవన్నీ నిజమైన అవసరాలే.

ఆ సభలో, పెద్దవాడినని నన్ను కూడా అభిప్రాయం అడిగారు. అక్కడ నాలుగు మాటలు మాత్రమే చెప్పగలిగాను. మిగిలినవి ఈ పత్రిక ద్వారా చెప్పదలచుకున్నాను. ఎందుకంటే ఇది ఒక్క మక్తల్ సమస్య కాదు. పాలమూరు, నల్లగొండ జిల్లాలలో పాత మస్జిద్ ఉన్న ప్రతి ఊరిలోనూ ఈ ప్రశ్న నేడో రేపో తలెత్తుతుంది. పాత భవనాన్ని ఏం చేయాలి? పడగొట్టాలా, కాపాడుకోవాలా?

ఈ ప్రశ్నకు సమాధానం వెదుకుతూ నేను మనకు సంబంధం లేదనిపించే ఒక విషయం దగ్గర ఆగిపోయాను. అది కలకత్తాలోని యూదుల ప్రార్థనాలయాల చరిత్ర. యూదులు వాటిని సినగాగ్ అంటారు. పాఠకులు ఆశ్చర్యపోవచ్చు. దయచేసి చివరిదాకా చదవండి.

18వ శతాబ్దం చివర, 1798లో, సిరియాలోని హలబ్ నగరం నుంచి షాలోమ్ కోహెన్ అనే వర్తకుడు కలకత్తా చేరాడు. ఆయన వెనుక బాగ్దాద్ నుంచి మరిన్ని కుటుంబాలు వచ్చాయి. వాళ్లు ఇంట్లో అరబ్బీ మాట్లాడేవారు. నల్లమందు, నీలిమందు, పట్టు, ముత్యాల వ్యాపారంతో ధనవంతులయ్యారు. 1856లో బెత్ ఎల్ అనే సినగాగ్‌ను, 1884లో మాగెన్ డేవిడ్ అనే మరొక పెద్ద సినగాగ్‌ను నిర్మించుకున్నారు. ఎర్ర ఇటుకలతో, ఎత్తైన గడియారపు గోపురంతో ఉండే మాగెన్ డేవిడ్‌ను ఎలియాస్ డేవిడ్ జోసెఫ్ ఎజ్రా తన తండ్రి జ్ఞాపకార్థం కట్టించాడు. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో ఆ నగరంలో యూదులు వేల సంఖ్యలో ఉండేవారు. తరువాత ఇజ్రాయెల్‌కూ, ఇంగ్లండుకూ, ఆస్ట్రేలియాకూ వెళ్లిపోయారు. నేడు మిగిలింది ఇరవై మంది చుట్టుపక్కల మాత్రమే. వాళ్లలో ఎక్కువమంది వృద్ధులు. సామూహిక ప్రార్థనకు కావలసిన పదిమంది పురుషులు దొరకడమే గగనం.

మరి ఆ భవనాలు ఎలా నిలిచాయి? ఒడిశాలోని పూరీ జిల్లా నుంచి వచ్చిన ముస్లిం కుటుంబాలు తరతరాలుగా వాటికి కాపలాదారులుగా ఉన్నాయి. తాత తరువాత తండ్రి, తండ్రి తరువాత కొడుకు. వాళ్లే తాళాలు తీస్తారు, గచ్చు తుడుస్తారు, దీపాల అద్దాలు కడుగుతారు, వచ్చినవారిని తల కప్పుకొని లోపలికి రమ్మని చెబుతారు. వేళకు పక్కకు వెళ్లి తమ నమాజు తాము చేసుకుంటారు. 2017 డిసెంబరులో, భారత పురావస్తు శాఖ మార్గదర్శకత్వంలో జరిగిన మరమ్మతుల తరువాత ఈ సినగాగ్‌లను తిరిగి ప్రారంభించారు. ఆ నగరంలోనే 1881లో స్థాపించిన యూదు బాలికల పాఠశాల ఉంది. అందులో నేడు చదువుతున్న వారిలో అత్యధికులు ముస్లిం బాలికలే.

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుందని నాకు తెలుసు. గాజాలో పసిపిల్లలు శిథిలాల కింద నలిగిపోతుంటే, మస్జిద్‌లూ ఆసుపత్రులూ నేలమట్టమవుతుంటే, యూదుల ప్రార్థనాలయాల గురించి రాయడానికి ఇదా సమయం? నా గుండెలోనూ ఆ బాధ ఉంది. అయితే ఒక ప్రభుత్వం చేస్తున్న దుర్మార్గం వేరు, ఒక మతస్థుల ప్రార్థనాలయం వేరు. ఈ భేదం నేను కల్పించింది కాదు. దివ్య ఖుర్‌ఆన్‌లో సూరె హజ్ 40వ ఆయతు, దైవనామ స్మరణ జరిగే స్థలాల గురించి చెబుతూ మఠాలనూ, చర్చీలనూ, యూదుల ప్రార్థనాలయాలనూ, మస్జిద్‌లనూ ఒకే వరుసలో పేర్కొన్నది. వాటిని కూల్చేవారిని అడ్డుకోవడం దైవసంకల్పంలో భాగమని బోధించింది. ఈ ఆయతును మనం ఉపన్యాసాలలో తరచు వింటాం. దాన్ని చీపురుకట్ట పట్టుకొని ఆచరించినవారు మాత్రం ఆ ఒడిశా కుటుంబాలవారు.

ఈజిప్టులో 2020 జనవరిలో అలెగ్జాండ్రియాలోని ఎలియాహు హనావీ సినగాగ్‌ను అక్కడి ప్రభుత్వమే మరమ్మతు చేయించి తెరిచింది. ఆ నగరంలో అప్పటికి మిగిలిన యూదులు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినంత మందే. మన కేరళలో, చేందమంగలం, పరవూరు అనే ఊళ్లలోని పాత సినగాగ్‌లను రాష్ట్ర ప్రభుత్వం బాగుచేయించి ప్రదర్శనశాలలుగా మార్చింది. కొచ్చిలోని 1568 నాటి పరదేశి సినగాగ్ ఇప్పటికీ నిలిచి ఉంది. ప్రార్థించేవాళ్లు తరలిపోయినా భవనం నిలబడాలంటే, ఎవరో ఒకరు దాన్ని తమ అమానతుగా భావించాలి.

అలా ఎవరూ భావించని చోట ఏమవుతుందో మనకు దగ్గరలోనే సాక్ష్యం ఉంది. గోల్కొండ వజ్రాల కోసం 17వ శతాబ్దంలో యూదు వర్తకులు మద్రాసు కోట చెంత స్థిరపడ్డారు. పగడాలు తెచ్చి, వజ్రాలు కొనుక్కుపోయేవారు. వారిలో ప్రముఖుడైన జాక్ ది పైవా 1687లో అక్కడే మరణించాడు. నేడు మద్రాసులో వారి ప్రార్థనాలయం లేదు. జార్జిటౌన్‌లో పగడాల వర్తకుల పేరుతో ఒక వీధి మిగిలింది. కొన్ని సమాధిరాళ్లు మిగిలాయి. అవి కూడా మొదట ఉన్నచోటు నుంచి తరలించినవే. గోల్కొండ వైభవంలో భాగస్వాములైన ఒక సముదాయం జాడ ఒక వీధి పేరులోకి కుదించుకుపోయింది.

మైనారిటీలమైన మనం ఈ కథను ఇతరుల కథగా చదవకూడదు. ఒక సముదాయం ఒక ఊళ్లో ఉన్నదనడానికి సాక్ష్యం ఏమిటి? మనుషులు వలస వెళతారు. కాగితాలు చెదలు పడతాయి. నిలిచేది గోడ. పాలమూరు వలసల జిల్లా అని అందరికీ తెలుసు. మా చుట్టుపక్కల కొన్ని గ్రామాలలో ఒకప్పుడు పది పదిహేను ముస్లిం ఇళ్లు ఉండేవి. నేడు ఒకటో రెండో మిగిలాయి. కొన్నిచోట్ల అవి కూడా లేవు. అయినా అలాంటి గ్రామాలలో పీర్ల కొట్టాలు చెక్కుచెదరకుండా ఉన్నాయి. హిందూ సోదరులు ఏటా మొహర్రంకు ముందు సున్నం వేసి, అలావా తవ్వి, పీర్లను నిలబెడుతున్నారు. ఆ ఆచారాల మీద మనలో అభిప్రాయభేదాలు ఉన్నాయి, ఉంటాయి. కాని ఆ తాళంచెవి ఒక రైతు ఇంట్లో భద్రంగా ఉండటం వెనుక ఉన్న మంచితనాన్ని కాదనగలమా? కలకత్తా సినగాగ్ తాళంచెవి ముస్లిం చేతిలో ఉన్నట్లే, మన తాళంచెవి కూడా ఎన్నోచోట్ల ఇతరుల చేతిలో ఉంది.

ఇక మా మస్జిద్ విషయానికి వస్తాను. ముందుగా నా తప్పు నేను ఒప్పుకోవాలి.

1998లో నేను మస్జిద్ కమిటీ కార్యదర్శిగా ఉన్నాను. అప్పటికి గోడల మీద పాత డంగు సున్నపు పూత అక్కడక్కడ రాలుతుండేది. ఏటా సున్నం కొట్టించే ఖర్చు దేనికని, గోడలన్నిటికీ సిమెంటు ప్లాస్టరు చేయించాము. ఆ తీర్మానం నా చేతితో రాసిందే. తరువాత లోపలి వైపు నడుము ఎత్తువరకు పలకలు అతికించాము. అందరూ మెచ్చుకున్నారు. మూడు నాలుగు వానాకాలాలు గడిచేసరికి గోడలు లోపలినుంచి చెమర్చడం మొదలైంది. పలకల పైభాగాన తెల్లని ఉప్పు పేరుకున్నది. సిమెంటు పెచ్చులు ఊడినప్పుడు, దానితోపాటు లోపలి ఇటుక కూడా పొడిగా రాలింది. యువకులు నేడు "ఈ గోడలు కుళ్లిపోయాయి, పడగొడదాం" అంటున్నారంటే, ఆ కుళ్లుకు కారణం వయసు కాదు. మా తీర్మానం.

దీని వెనుక ఉన్న సంగతిని నాకు ఒక వృద్ధ మేస్త్రీ వివరించాడు. పాతకాలపు గోడలను ఇటుక, రాయి, సున్నంతో కట్టేవారు. నేలలోని తేమ ఆ గోడలోకి ఎక్కుతుంది. సున్నపు పూత ఆ తేమను బయటికి వదిలేస్తుంది. అందుకే పూత రాలుతుంది, ఏటా కొత్తది వేయాలి. రాలిపోవడమే దాని పని. గోడకు బదులు పూత అరిగిపోతుంది. సిమెంటు పూత తేమను బయటికి పోనివ్వదు. తేమ లోపలే ఉండిపోతుంది, దానిలోని ఉప్పు ఇటుకను తినేస్తుంది. మా తాతల కాలంలో సున్నాన్ని గానుగలో ఇసుకతో కలిపి నూరి, రోజుల తరబడి నానబెట్టి, బెల్లం నీళ్లు, కరక్కాయ రసం కలిపేవారు. ఆ పనివాళ్లకు చదువు లేకపోవచ్చు. వాళ్లకు తెలిసిన విషయం, పట్టభద్రుడినైన నాకు తెలియలేదు.

ఇది నా ఒక్కడి అనుభవం కాదనడానికి గోల్కొండ చూడండి. కుతుబ్‌షాహీ సమాధుల ప్రాంగణంలో 2013లో రాష్ట్ర ప్రభుత్వం, ఆగాఖాన్ ట్రస్టు కలిసి మొదలుపెట్టిన పునరుద్ధరణ పదేళ్లకు పైగా సాగింది. గడచిన శతాబ్దంలో మరమ్మతుల పేరుతో వేసిన సిమెంటును ముందుగా తొలగించారు. ఆ తరువాత సున్నంతో, సంప్రదాయ పనివాళ్ల చేతులతో తిరిగి పూత వేశారు. అక్కడి బడీ బావిలో ఒక గోడ వానలకు కూలిపోయింది. దాన్ని పాత పద్ధతిలోనే తిరిగి కట్టారు. గోల్కొండ మెట్లబావుల పునరుద్ధరణకు 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారం లభించింది. హైదరాబాదులో 1594లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా కట్టించిన బాద్‌షాహీ ఆషూర్‌ఖానాలో గోడ పైభాగాన ఉన్న రంగుల పలకల పనితనం నేటికీ మెరుస్తున్నది. కింది భాగాన 1908 మూసీ వరద చేసిన నష్టం ఆ తరువాత ఎన్ని మరమ్మతులు చేసినా తీరలేదు. పోయింది మళ్లీ రాదు, ఉన్నదాన్నే కాపాడుకోవాలి అన్న పాఠం ఆ ఒక్క గోడ మీదనే కనిపిస్తుంది.

మా మస్జిద్ గోల్కొండ కాదని యువకులు అంటారు. నిజమే. పేరుమోసిన నిర్మాణం కాదు, ఏ పర్యాటకుడూ రాడు. కాని నా రెండవ తప్పు చెప్పిన తరువాత మీరే ఆలోచించండి. పలకలు అతికించిన నాడు, ద్వారం పక్కన ఫార్సీ అక్షరాలున్న ఒక చిన్న రాతిఫలకం ఉండేది. చదవగలిగినవారు ఊళ్లో అప్పటికే లేరు. పలకల వరుస వంకర పోతుందని పనివాడు అంటే, దాని మీదుగానే అతికించమన్నాను. దాని ఫోటో తీయలేదు, నకలు రాసుకోలేదు. ముప్ఫై ఏళ్లకు పైగా ఫైళ్లు రాసి, ప్రతి కాగితానికీ నంబరు వేసిన గుమాస్తాను నేను. మా దైవగృహపు పుట్టుక పత్రాన్ని నా చేతితోనే కప్పేశాను.

ఈ మాట ఇప్పుడు ఎందుకు బాధిస్తున్నదో పాఠకులకు తెలుసు. 2025 ఏప్రిల్‌లో వక్ఫ్ సవరణ చట్టం అమలులోకి వచ్చింది. వినియోగం ద్వారా వక్ఫ్ అనే పాత సూత్రాన్ని ఇకముందుకు తొలగించింది. జూన్ 6న ఉమీద్ పోర్టల్ ప్రారంభమైంది. సెప్టెంబరు 15న సుప్రీంకోర్టు కొన్ని నిబంధనలను తాత్కాలికంగా నిలిపివేసింది గాని, రిజిస్ట్రేషన్ నిబంధనలో జోక్యం చేసుకోలేదు. ఈ చట్టాన్ని మనం వ్యతిరేకించాము, న్యాయపోరాటం సాగుతున్నది, సాగాలి. కాని ఆ పోరాటంలో మన చేతిలో ఉండవలసినవి ఏమిటి? ముంతఖబ్, వక్ఫ్ గెజిట్ నకలు, 1954-55 ఖాస్రా పహాణీ, పాత కరెంటు బిల్లులు, కమిటీ రిజిస్టర్లు. వీటన్నిటితోపాటు ఆ భవనం. పాత ఇటుక, పాత మిహ్రాబ్, పాత రాతిఫలకం మాట్లాడే సాక్షులు. మస్జిద్‌ను మన చేతులతో మనమే పడగొట్టి, నిన్న కట్టిన స్లాబు భవనాన్ని చూపిస్తూ ఇది వందల ఏళ్ల నాటిదని వాదిస్తే ఎవరు నమ్ముతారు?

1992 డిసెంబరు 6న అయోధ్యలో జరిగింది మన తరం మరచిపోలేదు. దానికి ముందటి ఏడాదే, 1991లో, ప్రార్థనా స్థలాల చట్టం వచ్చింది. ఆ చట్టాన్ని గౌరవించమని మనం దేశాన్ని అడుగుతున్నాము. పాత ప్రార్థనా స్థలాల విలువను ఇతరులు గుర్తించాలని కోరుతున్న మనం, మన మొహల్లాలో ఆ విలువను గుర్తించకపోతే ఆ కోరికకు బలం ఎక్కడిది?

అందుకే మా జమాఅత్ ముందు, ఇలాంటి ప్రశ్న ఎదుర్కొంటున్న ఇతర జమాఅత్‌ల ముందు, నేను కొన్ని ప్రతిపాదనలు ఉంచుతున్నాను.

మొదటిది, పాత నమాజు గదిని అలాగే ఉంచి, పక్కనున్న ఖాళీ ఆవరణలో కొత్త కట్టడం కట్టుకోవాలి. వుజూఖానా, స్త్రీలకు నమాజు స్థలం, పిల్లల చదువు గది అక్కడ రావచ్చు. జుమా నాడు రెండూ కలిసి ఒకే సఫ్‌లుగా ఉండేలా మధ్యన నీడ వేయవచ్చు. అవసరమూ తీరుతుంది, అమానతూ నిలుస్తుంది.

రెండవది, పాత గోడల మీది సిమెంటును ఒకేసారి కాకుండా, ఒక్కొక్క గోడ చొప్పున, తెలిసిన మేస్త్రీ చేత జాగ్రత్తగా తీయించాలి. గోడలు ఆరడానికి ఒక ఎండాకాలం వదిలి, తరువాత సున్నపు పూత వేయించాలి. ఇది ఒక ఏడాదిలో తీరే పని కాదు. మూడేళ్లో నాలుగేళ్లో పడుతుంది. ఖర్చు కూడా అలాగే విడతలుగా పడుతుంది కాబట్టి చిన్న జమాఅత్ మోయగలదు.

మూడవది, ఏటా మృగశిర కార్తెకు ముందు ఇద్దరు మనుషులు కప్పు మీదికి ఎక్కాలి. నీళ్లు పోయే తూములలోని ఆకులు తీయాలి. గోడల నెర్రెలలో మొలిచిన రావి, మర్రి మొక్కలను వేలెడు ఉన్నప్పుడే వేరుతో సహా తీయాలి. భూకంపాలు కూల్చిన మస్జిద్‌లు మా ప్రాంతంలో లేవు. రావి మొక్కలు చీల్చినవి నేను చాలా చూశాను. ఈ పనికి చందా అక్కరలేదు, ఒక పూట చాలు.

నాలుగవది, ప్రతి మస్జిద్‌కు ఒక మరమ్మతు రిజిస్టరు ఉండాలి. ఏ తేదీన ఏ గోడకు ఏమి చేశారు, ఎంత ఖర్చయింది, ఎవరు చేశారు అన్నది రాయాలి. నాలుగు వైపులా ఫోటోలు తీసి తేదీ వేసి పెట్టాలి. రాతిఫలకాలు, సమాధిరాళ్లు, పాత చెక్క తలుపులు ఏవి ఉన్నా వాటి ఫోటోలు, నకళ్లు మూడుచోట్ల భద్రపరచాలి. కమిటీలు మారినా రిజిస్టరు మారకూడదు.

ఐదవది, వారంవారం జమయ్యే చందాలో పదో వంతును మరమ్మతు నిధిగా విడిగా ఉంచాలి. మనం కట్టడానికి ఉదారంగా ఇస్తాము, కాపాడటానికి ఇవ్వము. ప్రారంభోత్సవ ఫలకం మీద పేరు పడుతుంది. తూము శుభ్రం చేసినవాడి పేరు ఎక్కడా పడదు. దాని ప్రతిఫలం చూసేవాడు మరొకడు ఉన్నాడని విశ్వసించేవాళ్లం మనమే కదా!

యువకుల మీద నాకు కోపం లేదు. వాళ్లు నా కంటే ఎక్కువ చదివారు, చేతిలో ఫోను ఉంది, రెక్కల్లో బలం ఉంది. ఫార్సీ చదవగలిగినవారికి ఒక ఫోటో పంపి, ఒక్క రాత్రిలో అర్థం తెప్పించగలరు. మేము చేయలేకపోయిన పనిని వాళ్లు చేయగలరు. నేను అడుగుతున్నది ఒక్కటే. పడగొట్టే తీర్మానాన్ని ఒక్క వానాకాలం వాయిదా వేయండి. ఈలోగా ద్వారం పక్కన ఆ నాలుగు పలకలను నా ఖర్చుతో, మీ అందరి ఎదుట తీయిద్దాం. కింద రాయి పగలకుండా ఉంటే దాన్ని చదివిద్దాం. చదివిన తరువాత కూడా పడగొట్టాలనే మీకు అనిపిస్తే, నేను మళ్లీ అడ్డురాను.

ఒకనాడు మన పిల్లలు కూడా మక్తల్ వదిలి వెళ్లవచ్చు. అప్పుడు మా మస్జిద్ తాళంచెవి ఎవరి చేతిలో ఉంటుందో తెలియదు. ఆ చేతికి అందించడానికి మన దగ్గర ఒక తలుపైనా మిగలాలి.

అమానతులను కాపాడే బుద్ధిని, చేసిన తప్పులను దిద్దుకునే వ్యవధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.